చిన్నమ్మ నడుము ఎవరు వంచారు?

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభు బల్ల, అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకునే ఆచారం. చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పోసి, పళ్లెంలో పెట్టుకుని సంఘ పెద్దలు వరుసల మధ్య నుంచి వస్తారు. అందరూ గ్లాసు అందుకుని తల కొంచెం వెనక్కి వాల్చి ఒక్క గుక్కలో తాగుతారు. మా చిన్నమ్మకు మెడ వెనక్కి వాలదు. నడుము దగ్గర ముందుకు వంగిపోయి, మెడ కర్రలా బిగుసుకుపోయిన మనిషి. ముందున్న బెంచీని ఎడమ చేత్తో పట్టుకుని, ఒళ్లంతా ఒక పక్కకు తిప్పి, గ్లాసును పెదవి మూలకు ఆనించి కొంచెం కొంచెంగా పీల్చేది. ఒక్కోసారి చుక్క కొంగు మీద పడేది. ఆ తడిసిన కొంగును అక్కడే కళ్లకు అద్దుకునేది. పళ్లెం పట్టుకున్న పెద్దాయన ఆమె తాగేదాకా మోకాళ్ల మీద కూర్చునేవాడు. నిలబడితే ఆమెకు ఆయన పాదాలు తప్ప మొహం కనబడదు మరి.

మా అమ్మమ్మ వాళ్లది మర్రిగూడ మండలం. నల్గొండ జిల్లా వాళ్లకు ఆ పేరు చెప్తే చాలు. మిగతావాళ్ల కోసం రాస్తున్నా. మా నేల కింద ఉన్నది గ్రానైటు, ఆ రాయిలో ఫ్లోరైడు ఉంది. వానలు తక్కువ, బోర్లు లోతు, నీళ్లు ఆ రాళ్ల సందుల్లోనే ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి, ఫ్లోరైడు మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటొద్దని, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా పర్వాలేదని మన దేశ ప్రమాణం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు చాలా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ముందు పిల్లల పండ్లకు గార పడుతుంది, తర్వాత కీళ్లు పట్టేస్తాయి, చివరికి వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ నీళ్లకు రంగు తేడా ఉండదు, వాసన ఉండదు. ఎండలో కూలికి పోయేవాళ్లు నీళ్లు ఎక్కువ తాగుతారు కాబట్టి వాళ్ల ఒంట్లోకే ఎక్కువ పోయింది. పాలు పెరుగు దొరకని ఇళ్లలో ఎముకలు ఇంకా తొందరగా దెబ్బతిన్నాయి. అంటే ఎవరు ఎక్కువ కష్టపడితే వాళ్లకే ఎక్కువ దెబ్బ, ఎవరు పేదవాళ్లయితే వాళ్లకే ముందు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుని కిందిది చదవండి.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా దగ్గర మూడు రోజులు స్వస్థత కూటాలు పెట్టారు. చిన్నమ్మను నేనే ఆటోలో తీసుకుపోయాను. పందిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఆమె తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశాడు. ఏమీ కాలేదు. అప్పుడు మైకు దగ్గరికి పెట్టుకుని, ఈ కుటుంబంలో ఒప్పుకోని పాపం ఒకటి ఉంది, వంశంలో శాపం ఉంది, అది ఒప్పుకునేదాకా దేవుని చెయ్యి ఆగిపోయి ఉంటుంది అన్నాడు. అంతమంది ముందు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చాలా దూరం ఏమీ మాట్లాడలేదు చిన్నమ్మ. ఊరి చెరువు కట్ట దగ్గరికి వచ్చాక అడిగింది: "ఏం పాపం చేసిన్నురా నేను? బోరింగు నీళ్లే గదా తాగిన."

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లు దాటింది. అప్పటి నుంచి ఈ ప్రశ్న పట్టుకుని చదివినవన్నీ, ఆలోచించినవన్నీ ఆ ఆటోలోని మనిషికి చెప్పగలిగే మాట కోసమే. బడి పిల్లలకు పాఠం చెప్పుకునే ఒక మామూలు విశ్వాసిని నేను, పాస్టరును కాను, తప్పులుంటే దిద్దండి.

చర్చిలో ఎవరిని అడిగినా మొదట వచ్చే జవాబు ఫ్రీ విల్. దేవుడు మనిషిని కీలుబొమ్మలా చేయలేదు, స్వేచ్ఛ ఇచ్చాడు, మనిషి ఆ స్వేచ్ఛను చెడ్డకు వాడాడు, అందుకే లోకంలో ఇంత బాధ. ఈ మాటను నేను కొట్టిపారేయను, పారేయలేను కూడా. ఎందుకంటే మా సంఘం పుట్టిందే ఆ మాట మీద. దేవరకొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ వైపు ఎం.బి. చర్చి అంటే తెలియని ఊరు ఉండదు, మెన్నొనైట్ బ్రదరన్ వాళ్లది. దాని వేరు 1525 నాటి జ్యూరిక్‌లో ఉంది. పసిపిల్లకు నీళ్లు చల్లితే క్రైస్తవురాలు అయిపోదు, పెద్దయ్యాక తన బుద్ధితో తాను ఒప్పుకుని బాప్తీస్మం తీసుకోవాలి అని కొంతమంది నిలబడ్డారు. ఆ మాట అన్నందుకు 1527 జనవరి 5న ఫెలిక్స్ మాంజ్ అనే ఆయనను చేతులు కట్టేసి లిమ్మత్ నదిలో ముంచి చంపారు. నీళ్లు అడిగినవాడికి నీళ్లతోనే శిక్ష. బలవంతపు విశ్వాసం విశ్వాసమే కాదని ప్రాణం పెట్టి చెప్పినవాళ్ల వారసత్వం మాది. నన్ను కూడా పదిహేడేళ్లకు "నీ ఇష్టంతోనే వచ్చావా" అని మూడుసార్లు అడిగాకే పాస్టరయ్య నీళ్లలో ముంచాడు.

కాబట్టి ప్రేమకు స్వేచ్ఛ కావాలి అనేది నాకు సమ్మతమే. అయితే ఆ జవాబు ఎంతవరకు పోతుంది, ఎక్కడ ఆగిపోతుంది అనేది ఎవరూ చెప్పరు.

1955లో జె. ఎల్. మాకీ అనే తత్వవేత్త ఒక ప్రశ్న వేశాడు. మనిషి ఒక్కసారైనా తన ఇష్టంతో మంచిని ఎంచుకోగలిగినప్పుడు, ప్రతిసారీ తన ఇష్టంతోనే మంచిని ఎంచుకునే మనుషులను సర్వశక్తిగల దేవుడు ఎందుకు చేయలేదు? దీనికి ఆల్విన్ ప్లాంటింగా 1970ల్లో గట్టి జవాబే ఇచ్చాడు: స్వేచ్ఛ ఉన్న మనిషి ఏది ఎంచుకుంటాడనేది ఆ మనిషి చేతిలో ఉన్న విషయం, దాన్ని కూడా దేవుడే నిర్ణయిస్తే అది స్వేచ్ఛే కాదు, కాబట్టి దేవుడూ ఉండటం, చెడూ ఉండటం ఒకదానికొకటి అడ్డం కాదు. ఆ మేరకు జవాబు దొరికిందని నాస్తికుల్లో కూడా చాలామంది ఒప్పుకుంటారు. కానీ మా సండే స్కూల్ పిల్ల ఒకతి అడిగింది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "సార్, పరలోకంలో మనకు ఫ్రీ విల్ ఉంటదా? ఉంటే అక్కడ కూడా ఎవరన్నా పాపం చేస్తరా?" ఉంటుంది, చెయ్యరు అన్నాను. "మరి అట్లనే ఇక్కడ చెయ్యొచ్చు గదా దేవుడు." ఈ జీవితంలో మనం ఎంచుకుంటూ ఎంచుకుంటూ అలా తయారవుతాం, అందుకు సమయం కావాలి అని ఏదో చెప్పాను. అది పూర్తిగా తప్పు జవాబు కాదు. కానీ అలా తయారవడానికి సమయమే దొరకని పిల్లల సంగతి?

మా పెద్దనాన్న మనవడు తొమ్మిదేళ్లవాడు. చిట్యాల దగ్గర హైవే దాటుతుంటే, తాగి బండి నడిపిన ఒకడు గుద్దేశాడు. వాడి చేతిలో పాల ప్యాకెట్లు ఉన్నాయి. ఇందులో ఎవరి స్వేచ్ఛను దేవుడు గౌరవించాడు? తాగినవాడి స్వేచ్ఛను. రోడ్డు దాటి ఇంటికి పోవాలనుకున్న పిల్లవాడి స్వేచ్ఛ ఏమైంది? ఒకడి స్వేచ్ఛ పది మంది స్వేచ్ఛను మింగేస్తుంటే చూస్తూ ఉండటాన్ని స్వేచ్ఛను గౌరవించడం అనొచ్చా? ఇంటికి వచ్చినవాళ్లు "దేవుడు తన తోటలోకి ఒక పువ్వు తెంపుకున్నాడు" అన్నారు. ఓదార్పు కోసమే అన్నారు, వాళ్ల మనసు మంచిదే. కానీ ఆ తల్లి ముఖం చూశాను నేను. తాగుబోతు చేసిన పనిని తీసుకుపోయి దేవుని ఖాతాలో రాశారు.

సరే, అక్కడన్నా ఒక తాగుబోతు ఉన్నాడు. నీళ్ల సంగతికి వద్దాం. గ్రానైటులో ఫ్లోరైడు ఎవరి స్వేచ్ఛ వల్ల చేరింది? మనిషి పుట్టకముందు కోట్ల సంవత్సరాల నాటి రాయి అది. 1755లో సకల పరిశుద్ధుల పండుగ రోజు, నవంబరు 1న, జనం చర్చిల్లో ఉండగా లిస్బన్‌లో భూకంపం వచ్చింది. పైకప్పులు ప్రార్థనలో ఉన్నవాళ్ల మీదే కూలాయి. ఉండగలిగిన లోకాలన్నిటిలో ఇదే మేలైన లోకమని 1710లో లైబ్నిట్జ్ అనే తత్వవేత్త రాసిన వాదం మీద యూరప్‌లో నమ్మకం పోవడానికి అది పెద్ద కారణమైంది. ఇక్కడ ఫ్రీ విల్ వాదానికి కాళ్లు ఆడవు. ప్లాంటింగా కూడా దీన్ని గమనించాడు, దేవునికి ఎదురు తిరిగి పడిపోయిన దేవదూతల స్వేచ్ఛ వల్ల ప్రకృతిలో చెడు వచ్చి ఉండొచ్చు, అలా కావడం అసాధ్యమేమీ కాదు అని మాత్రం అన్నాడు. అలాగే జరిగిందని ఆయన అనలేదు. తర్కానికి అది సరిపోవచ్చు. బిందె పట్టుకుని బోరింగు దగ్గర నిలబడ్డ మనిషికి ఎలా సరిపోతుంది?

ఇక రెండో జవాబు, మన దగ్గర దీన్నే ఎక్కువ వాడతారు: అంతా దేవుని చిత్తం. నా అసలు గొడవ దీనితోనే.

శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు అని మన సామెత. మన తాత ముత్తాతలు చర్చిలోకి వచ్చినప్పుడు ఈ సామెతను కూడా వెంట తెచ్చుకున్నారని నాకు అనిపిస్తుంది, శివుని పేరు తీసి యెహోవా పేరు పెట్టుకున్నారు, అంతే. ఇంకొకటి కూడా ఉంది. నల్గొండలో పెరిగినవాళ్లకు అధికారం అంటే గడిలో దొర. దొర మాట లేనిది ఊళ్లో నాగలి కదలదు. దేవుడు సర్వశక్తిమంతుడు అనగానే మనకు తెలియకుండానే ఇంకా పెద్ద గడి, ఇంకా పెద్ద దొర కళ్ల ముందుకు వస్తాడు.

పిచ్చుకల వచనం చూపిస్తారు వెంటనే. మత్తయి 10:29. "మీ తండ్రి సెలవు లేక" ఒక్క పిచ్చుక కూడా నేల మీద పడదని మన తెలుగు బైబిల్లో ఉంది. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన మాట. కానీ గ్రీకు మూలంలో సెలవు అనే మాట లేదు. ఉన్నది "మీ తండ్రి లేకుండా" అని మాత్రమే. పడే పిచ్చుక దగ్గర తండ్రి ఉన్నాడని దాన్ని చదవొచ్చు, తండ్రి అనుమతి మీద పడిందని చదవాల్సిన పనిలేదు. అదే మాట లూకా 12లో చూడండి, ఆ పిచ్చుకల్లో ఒక్కటి కూడా దేవుని యెదుట మరువబడదు అని ఉంటుంది. అనువాదకులను తప్పుపట్టను, వాళ్లకు అలా అర్థమైంది. కానీ ఆ ఒక్క మాట మన ఇళ్లలో ఎంత పని చేసిందో! తండ్రి సెలవు ఇస్తేనే చిన్నమ్మ నడుము వంగిందా?

అంతకంటే పెద్ద సాక్ష్యం మనం రోజూ చేసే ప్రార్థనే. నీ చిత్తం పరలోకంలో నెరవేరినట్టు భూమి మీద కూడా నెరవేరాలి అని అడుగుతున్నాం. భూమి మీద జరిగేదంతా ఇప్పటికే ఆయన చిత్తమైతే ఇంక అడగడం దేనికి? నెరవేరడం లేదు కాబట్టే అడగమన్నాడు. ఇది నాకు తట్టిన రోజు నేను బైకు మీద మాల్ అనే ఊరి నుంచి ఇంటికి పోతున్నాను, బండి పక్కకు ఆపి కాసేపు నిలబడ్డాను.

ఇప్పుడు లూకా 13. దీని గురించే ఈ వ్యాసమంతా. ఆ అధ్యాయం మొదట్లో యేసు దగ్గరికి ఒక వార్త తెస్తారు, రోమా అధిపతి పిలాతు కొందరు గలిలయ వాళ్లను బలి అర్పిస్తుండగా చంపించాడని. అది మనిషి చేసిన చెడు. యేసే రెండోది కలుపుతాడు, సిలోయములో గోపురం కూలి చచ్చిపోయిన పద్దెనిమిది మంది సంగతి. అది ఎవరూ చేయనిది. ఈ రెంటిలో చచ్చినవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ పాపులనుకుంటున్నారా, కాదు, అని రెండుసార్లు చెప్తాడు. మీరు మారుమనస్సు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు అని కూడా అంటాడు, ఆ మాటను నేను దాచను. కానీ ఆ హెచ్చరిక వింటున్నవాళ్లకు. చచ్చిపోయినవాళ్ల మీద వేసిన తీర్పు కాదు.

అదే అధ్యాయంలో కొంచెం కిందికి దిగితే, విశ్రాంతి దినాన సమాజమందిరంలో ఒక స్త్రీ కనబడుతుంది. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయి ఏమాత్రం చక్కగా నిలబడలేని మనిషి. చిన్నమ్మే. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు ఆమె బెంచీ పట్టుకుని నిలబడ్డట్టే కనిపించింది. యేసు ఆమెను పిలుస్తాడు, చేతులు ఉంచుతాడు, ఆమె నిలబడుతుంది. మందిరం అధికారికి కోపం వస్తుంది, విశ్రాంతి దినాన ఇదేం పని అని. అప్పుడు యేసు అన్న మాట చూడండి: మీలో ప్రతివాడూ ఆ రోజు తన ఎద్దునో గాడిదనో కట్టు విప్పి తోలుకుపోయి నీళ్లు పెడతాడు గదా, పద్దెనిమిదేళ్లుగా సాతాను బంధించిన అబ్రాహాము కుమార్తెను విడిపించొద్దా?

నీళ్లు అన్నాడు. పశువుకు కూడా నీళ్లు పెడతారు గదా అన్నాడు. ఆమె పాపం ఏమిటని అడగలేదు. వంశ శాపం అనలేదు. ఇది నా తండ్రి చిత్తం, ఓర్చుకో అని అసలే అనలేదు. "సాతాను బంధించిన" అన్నాడు, అంటే ఈ వంగిన నడుము నా పక్షం కాదు, నాకు శత్రువు పని అని. సువార్తలన్నీ వెతకండి, రోగంతో వచ్చిన ఒక్క మనిషికైనా నీ రోగం దేవుని చిత్తం అని యేసు చెప్పిన చోటు ఒక్కటి చూపించండి. పుట్టు గుడ్డివాని దగ్గర దేవుని క్రియలు కనబడడం కోసమే అన్నాడు గదా అని యోహాను 9 తీస్తారు. నిజమే, ఆ వచనం నాకు కష్టంగానే ఉంటుంది. కానీ అక్కడ కూడా వీడిదీ కాదు, వీడిని కన్నవాళ్లదీ కాదు పాపం అన్న తర్వాతే ఆ మాట వచ్చింది. ఆ క్రియ గుడ్డితనం కాదు, చూపు.

యెహెజ్కేలు 18లో ఒక సామెత ఉంది, తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయి అని. ఈ సామెత ఇంక మీరు పలకొద్దు అంటాడు దేవుడు. గార పండ్లు దాచుకోవడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పిల్లలున్న జిల్లాలో, వంశ శాపం అని ప్రసంగించేవాళ్లు ఆ అధ్యాయం ఒక్కసారి చదవాలి. ఏ తప్పూ చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు కూడా ఇదే పని చేశారు. దేవుని పక్షాన వాదించారు, నీలో ఏదో పాపం ఉంది అన్నారు, చివర్లో దేవుడే వాళ్ల మీద కోప్పడ్డాడు, నా గురించి మీరు సరిగ్గా మాట్లాడలేదు, నా సేవకుడు యోబే మాట్లాడాడు అని. అరిచి, నిలదీసి, పుట్టిన రోజును శపించుకున్న యోబు!

ఇక్కడ ఇంకొకటి చెప్పాలి, లేకపోతే సగమే చెప్పినట్టు. నీళ్లలో విషం ఎవరి స్వేచ్ఛా కాదన్నాను. కానీ ఆ నీళ్లనే ఏళ్ల తరబడి తాగాల్సి రావడం? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. డ్యామ్ మా జిల్లా గట్టునే ఉంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పచ్చబడ్డాయి, సంతోషం. మా మెట్ట ప్రాంతానికి మాత్రం తాగడానికి కూడా కృష్ణ నీళ్లు దశాబ్దాల తరబడి రాలేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తీసే పద్ధతి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు కనిపెట్టారు, దాని పేరే నల్గొండ టెక్నిక్. మా పేరు పెట్టుకున్న పద్ధతి మా ఊళ్లో నాకు కనబడలేదు. రాయిని మనిషి చేయలేదు, సరే. కాలువ ఎటు తవ్వాలి అన్నది మనిషే నిర్ణయించాడు. దేవుని చిత్తం అన్న మాట ఆ నిర్ణయాలన్నిటి మీద దుప్పటిలా పడింది.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు. నీళ్ల కోసం. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. ఫ్రీ విల్ గురించి నేను విన్న ప్రసంగాలన్నిటికంటే నాకు అది బాగా అర్థమైన ప్రసంగం. వాళ్లలో ఎక్కువమంది చర్చికి పోయేవాళ్లు కారు. నడుము వంచిన కట్టును విప్పాలన్న చోట మాత్రం వాళ్లు యేసు పక్కన నిలబడ్డారని నా నమ్మకం.

మరి రాయిలో ఫ్లోరైడు ఎందుకు పెట్టాడు? అది సాతాను పనే అయితే సాతానును అంతసేపు ఎందుకు వదిలాడు? లూకాలోని స్త్రీ నిలబడింది, మా చిన్నమ్మ ఎందుకు నిలబడలేదు? అదే చెయ్యి, అదే పేరు మీద ప్రార్థన. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించను. దేవునికి శక్తి చాలదు అనుకుంటే లెక్క సులభంగా తేలిపోతుంది, కొందరు అలా తేల్చుకున్నారు కూడా. నాకు ఆ దారి నచ్చలేదు, ఎందుకంటే చచ్చినవాళ్లను లేపలేని దేవుడైతే చిన్నమ్మ బాకీ ఇంక ఎప్పటికీ తీరదు. సిలువ మీద యేసు కూడా నన్నెందుకు చెయ్యి విడిచావు అని ఎందుకు అనే అడిగాడు. ఆ ఎందుకుకు ఆ మధ్యాహ్నం జవాబు రాలేదు. మూడో రోజు వచ్చింది గానీ అది కారణం చెప్పిన జవాబు కాదు. నేను పట్టుకుని ఉన్నది దాన్నే.

చిన్నమ్మకు చివరి సంవత్సరాల్లో ఇంటికి మిషన్ భగీరథ నల్లా వచ్చింది. మొదటి రోజు ఒళ్లంతా పక్కకు తిప్పి స్టీలు గ్లాసుతో కొంచెం తాగి "సప్పగున్నయి బిడ్డా" అంది. కృష్ణ నీళ్లు అవి. బోరింగు నీళ్ల రుచికి అలవాటు పడ్డ నోరు. తర్వాత పిల్లల పండ్లు చూడు, తెల్లగుంటయి ఇంక, అంది. ఆమె ఎముకలు మాత్రం తిరిగి రావు.

రెండేళ్ల కింద పోయింది. పెట్టెలో వెల్లకిలా పడుకోబెడితే మూత పడలేదు. వీపు కింద గుడ్డలు పెట్టి చూశారు, కాళ్లు సర్ది చూశారు. చివరికి మా అమ్మే చెప్పింది, పక్కకు పడుకోబెట్టండి, అది రోజూ అట్లనే పండుకుంటది అని. పసిపిల్లలా ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుంది. యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను అని చదవడానికి పాస్టరయ్య బైబిల్ తెరిచాడు. నేను దగ్గరికి పోయి, అయ్యగారూ, లూకా 13 చదవండి, పది నుంచి పదిహేడు వరకు అన్నాను. ఆయన నా మొహం చూసి, పేజీలు తిప్పి, చదివాడు. "ఆమె చక్కగా నిలువబడి" దగ్గర గొంతు పట్టేసింది, కాసేపు ఆగి మళ్లీ అదే వచనం మొదటి నుంచి చదివాడు. తర్వాత తాళ్లు వేసి పెట్టెను దించుతుంటే మా మామ అవతలి వైపు నుంచి అంటున్నాడు, "పైలంగా దించుండ్రి, పక్కకు ఒరగనియ్యకుండ్రి."